సీనీయా, కరుప్పట్టియా?



అనంతపురంలో మా ఇంటి పక్కన ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. ఆ మధ్య టూరు కంపెనీ వాళ్ళతో కలిసి చైనా వెళ్ళొచ్చారు. వచ్చిన వారానికి వీధిలో నలుగురినీ పిలిచి, టీవీకి ఫోను తగిలించి, ఫోటోలన్నీ చూపించారు. అందులో ఒక్క రోజు తాలూకువే నూట ముప్పై ఉన్నాయి. పొద్దున కొండలో తొలిచిన బుద్ధవిగ్రహాలు, లుంగ్‌మన్ గుహలట, మధ్యాహ్నం చేతిపనివాళ్ళ వీధి, సాయంత్రం తిండి. ఆ వీధిలో ఇద్దరు మనుషులు కొయ్య సుత్తులతో ఏదో బాదుతున్న ఫోటో దగ్గర ఆపి, లోపలికి వెళ్ళి ఒక పొట్లం తెచ్చి మా చేతుల్లో తలా ఒక ముక్క పెట్టారు. నోట్లో వేసుకున్నాను. శనక్కాయ, తీపి పాకం. అంతే.

"మాస్టారూ, శనక్కాయ చెక్క తినడానికి అనంతపురం నుంచి చైనా దాకా పోయారా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "నేను చైనా పోయినాను సరే, నువ్వు మదురై దాటి ఎప్పుడన్నా పోయినావా?" అన్నారు.

పోలేదు. మా ఊరి పక్కనుంచి పోయే 44వ నెంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా దిగి, బెంగళూరు, సేలం, మదురై దాటి కన్యాకుమారి దాకా వెళ్తుంది. మదురై తర్వాత ఆ దారిలోనే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వస్తాయి. రోడ్డు మా గుమ్మం ముందే ఉంది. నేనే ఎక్కలేదు. మాస్టారి మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆయన చైనాలో గడిపిన రోజు లాంటి రోజు ఒకటి, కొండా చేతిపనీ తిండీ అన్నీ ఉన్నది, నేను ఈ రోడ్డు మీదే గడిపి వస్తానని బయల్దేరాను.

కోవిల్‌పట్టిలో బస్సు దిగేసరికి తెల్లవారుజాము అయిదున్నర. బస్టాండు ఎదురుగా టీ కొట్టు. కాఫీ అడిగాను. కొట్టాయన గ్లాసు కడుగుతూ తలెత్తకుండానే, "సీనీయా, కరుప్పట్టియా?" అన్నాడు.

కరుప్పట్టి అంటే తాటిబెల్లం. సీనీ అంటే పంచదార. చెన్నై వైపు చక్కెరను 'శర్కరై' అంటారు కానీ మదురై, తిరునెల్వేలి సీమల్లో అది సీనీయే. హిందీలో చీనీ అన్నట్టే, చీనా నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. మా అనంతపురంలో చీనీ అంటే మరొకటి. మా జిల్లా నిండా చీనీ తోటలే. మీరంతా బత్తాయి అనేదాన్ని మేము చీనీకాయ అంటాం. ఆ జాతి పండ్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో కూడా చైనాయే ఉంది. మాస్టారు విమానమెక్కి వెతుక్కుంటూ పోయిన దేశం మా తోటలోకి, ఈ కొట్టాయన డబ్బాలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది.

నేను కరుప్పట్టి అన్నాను. నల్లగా, కాస్త పొగ వాసనతో వచ్చింది కాఫీ. ఆ వాసనే దాని రుచి.

కొట్టు స్తంభానికి ఒక ప్లాస్టిక్ లైటరు పురికొసతో కట్టి వేలాడుతోంది. ఇదివరకు బీడీ తాగేవాళ్ళ కోసం కొబ్బరితాడు ముక్క చివర నిప్పు రాజుకుంటూ ఉండేది, గుర్తుందా? ఆ తాడు పోయి లైటరు వచ్చింది. అగ్గిపెట్టెలతో బతికే ఊళ్ళో, బస్టాండు ముందు, చైనా లైటరు. ఆ రోజు సాయంత్రం దాకా అది నా కళ్ళ ముందు వేలాడుతూనే ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఒక కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు. నాకొచ్చిన నాలుగు తమిళం ముక్కలతో బేరం కుదుర్చుకుని ముందు కళుగుమలై పొమ్మన్నాను. పడమరగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. దారికి రెండు వైపులా నల్లరేగడి. వాన లేని కాలం కాబట్టి నేల నోరు తెరిచి ఉంది. ఈ నేలను తమిళంలో కరిసల్ అంటారు. పత్తి, జొన్న, సజ్జ, మిరప, మినుము. అన్నీ ఆకాశం వైపు చూసే పైర్లే. మా జిల్లా ఎర్రనేలకు ఇది నల్లచెల్లెలు.

కళుగుమలై కొండ మీద 8వ శతాబ్దంలో పాండ్యుల కాలంలో చెక్కిన గుడి ఉంది. పేరు వెట్టువన్ కోయిల్. కట్టిన గుడి కాదు. కొండను చుట్టూ కందకంలా తొలిచి, మధ్యలో మిగిలిన బండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ఎల్లోరా కైలాసాన్ని చెక్కిన పద్ధతే. కానీ ఇక్కడ శిఖరం పూర్తయింది, కింది భాగం పూర్తి కాలేదు. పైన కూర్చున్న శివుడు, నందులు, సన్నని తీగల పని నిన్ననే ఉలి దించినట్టు ఉంటాయి. కిందికి వచ్చేసరికి మొరటు రాయి. నాకు ఆ మొరటు రాయే నచ్చింది. పూర్తయిన గుళ్ళు మన దగ్గర బోలెడు. పని మధ్యలో ఆగిపోయిన గుడిని చూస్తే చెక్కినవాడి చెయ్యి ఎటునుంచి ఎటు కదిలిందో తెలుస్తుంది. తండ్రీ కొడుకులైన ఇద్దరు శిల్పుల పంతం వల్ల పని ఆగిందని అక్కడ ఒక కథ చెప్తారు. అలాంటి కథ ప్రతి కొండకూ ఉంటుంది, వదిలేద్దాం. కొండకు మరోవైపు వరసగా జైన తీర్థంకరుల బొమ్మలు, వాటి కింద వట్టెళుత్తు లిపిలో చెక్కించినవాళ్ళ పేర్లు. మాస్టారి లుంగ్‌మన్ గుహల్లో పెద్ద బుద్ధుడు 7వ శతాబ్దం వాడు. అంటే నూరేళ్ళు అటూ ఇటూగా అక్కడా ఇక్కడా ఉలి చప్పుడు ఒకేలా వినపడిందన్నమాట.

కొండ దిగుతుంటే డ్రైవరుకి ఫోనొచ్చింది. "ఆఁ అమ్మా... కళుగుమలైలో ఉండాను... తింటాలే, నువ్వు తిను," అన్నాడు.

నేను మెట్టు మీదే ఆగిపోయాను. పొద్దున్నించి వీడితో నానా తంటాలు పడి తమిళం మాట్లాడుతున్నాను కదా!

"తెలుగా బాబూ మీది?"

వాడు నాకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "మీకు తెలుగొచ్చా సార్? మేము ఇంట్లో మాట్లాడేది ఇదే. రాసేది, చదివేది రాదు."

ఈ సీమలో ఇది వింత కాదు. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురైలో నిలదొక్కుకున్నప్పుడు, పాళెగాళ్ళుగా, సైనికులుగా, రైతులుగా, వాళ్ళతో పాటు పనివాళ్ళుగా తెలుగువాళ్ళు వరసలు వరసలుగా దిగివచ్చారు. 1799 అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారులో ఇంగ్లీషువాళ్ళు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల వంశంవాడు. సినిమా పుణ్యమా అని మనవాళ్ళకు ఆయన పేరు తెలుసు. ఇంట్లో ఆయన ఏ భాష మాట్లాడేవాడో మాత్రం ఎవరూ అడగరు. అయితే తెలుగు అనగానే నాయకర్ల కోటల దగ్గరే ఆగిపోవడం మనకున్న దురలవాటు. ఇక్కడ కమ్మవారు, రెడ్లు ఎంత తెలుగువాళ్ళో, ఊరి చివర వాడల్లో తోలుపని, పారిశుద్ధ్యపు పని చేస్తూ తరాలు గడిపిన అరుంధతియర్లలో చాలామంది అంత తెలుగువాళ్ళు. వాళ్ళ కథ చెప్పే నవల మాత్రం నేనింకా చదవలేదు. 

నవల అంటే గుర్తొచ్చింది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే పల్లె ఉంది. తమిళ సాహిత్యంలో ఇద్దరు పెద్ద కథకులు ఆ ఒక్క పల్లెలోనే పుట్టారు. కు. అళగిరిసామి ఒకరు, కి. రాజనారాయణన్ మరొకరు. రాజనారాయణన్‌ను అందరూ 'కి.రా.' అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి. రాసింది తమిళంలో, అదీ ఈ నల్లరేగడి రైతుల తమిళంలో. 'గోపల్ల గ్రామం' నవలలో ఒక తెలుగు కుటుంబం ఆడపిల్లను కాపాడుకోవడానికి ఉత్తరం నుంచి పారిపోయి వచ్చి, అడవి నరికి ఊరు కట్టుకున్న కథ చెప్పారు. దాని తర్వాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. బడిచదువు పెద్దగా లేని మనిషి. ఈ ప్రాంతపు మాటలకు తనే ఒక నిఘంటువు తయారుచేశారు, పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి వెళ్ళి పాఠం చెప్పారు. 2021 మే నెలలో కన్నుమూశారు. తమిళనాడు ప్రభుత్వం కోవిల్‌పట్టిలో ఆయనకు స్మారక మందిరం కట్టించింది. మన తెలుగువాళ్ళలో ఎంతమంది ఆయన పేరు విన్నారంటారు?

కోవిల్‌పట్టికి తిరిగొచ్చి కడలై మిట్టాయి చేసే చోటికి వెళ్ళాం. తమిళంలో కడలై అంటే వేరుశనగే. శనక్కాయ చెక్కే కదా, ఏముంటుంది అనుకున్నాను. శనక్కాయ జిల్లావాణ్ణి, నాకు ఆ మాత్రం పొగరు ఉండదా? లోపల అడుగు పెట్టిన తర్వాత తగ్గింది.

ముందు పప్పు. చుట్టుపక్కల నేలల్లో పండిన చిన్న గింజ. వేయించి, పొట్టు నలిచి, చెరిగి, బద్దలు చేస్తారు. మాడిన బద్ద, ముడుచుకున్న బద్ద ఏరిపారేయడానికి ఇద్దరు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వేళ్ళు ఆగవు, మాటలూ ఆగవు. రెండో గదిలో బెల్లం పాకం. పాకం చూసే పెద్దాయన దగ్గర థర్మామీటరు లేదు. గరిటెతో రెండు చుక్కలు నీళ్ళగిన్నెలో వేసి, గట్టిపడ్డ ముక్కను తీసి గిన్నె అంచుకు కొట్టి చెవితో విన్నాడు. టంగుమంటే అయినట్టు. చప్పుడు మెత్తగా ఉంటే ఇంకా కాగాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే చేదెక్కుతుంది, ఒక్క నిమిషం ముందైతే పంటికి అంటుకుంటుంది. మా అమ్మ అరిసెల పాకం చూసేటప్పుడు పొయ్యి దగ్గర ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. ఇక్కడా అంతే. అప్పటిదాకా గోలగా ఉన్న గది ఆ అరనిమిషం నిశ్శబ్దం. తర్వాత బద్దలు పోసి కలిపి, చట్రంలో కుమ్మరించి, కర్రతో ఒత్తి, చల్లారేలోపే కత్తితో గళ్ళు గీసేశారు. పైన గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులద్దిన సన్నని కొబ్బరి తురుము చల్లారు. అదీ కోవిల్‌పట్టి గుర్తు. చిన్నపిల్ల నెత్తిన పూలు పెట్టినట్టు ఉంది.

మొదట్లో ఇక్కడ దీన్ని తాటిబెల్లంతోనే చేసేవాళ్ళు. 1940 ప్రాంతంలో పొన్నంబల నాడార్ అనే కిరాణా వ్యాపారి చెరకు బెల్లంతో చేసి అమ్మడం మొదలుపెట్టారని చెప్పుకుంటారు. తామ్రపర్ణి నీళ్ళ వల్లే ఈ రుచి అని కూడా అంటారు. ప్రతి ఊరూ తన మిఠాయి గొప్పను తన నీళ్ళకే కట్టబెడుతుంది. నేను ఆ పెద్దాయన చెవికి కట్టబెడతాను. 2020లో కోవిల్‌పట్టి కడలై మిట్టాయికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఈ ప్రాంతంలో చేసింది తప్ప మరోచోట చేసిందాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. తిరుపతి లడ్డుకు, బందరు లడ్డుకు ఉన్న గుర్తింపు లాంటిదే.

కొత్తగా చేసిన ముక్క ఒకటి నా చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది. మాస్టారిచ్చిన చైనా ముక్కతో మనసులో పోల్చి చూశాను. చైనావాళ్ళు పప్పును సుత్తులతో బాది పాకంలో కలిపేస్తారు, కొరికితే పొడి పొడిగా విడిపోతుంది. ఇక్కడ బద్ద బద్దగానే ఉంటుంది, కొరికితే విరుగుతుంది. ఏది గొప్ప అని అడిగితే, నాకు విరిగేదే ఇష్టం.

అసలు శనక్కాయ మనదీ కాదు, చైనాదీ కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు, స్పెయిన్ ఓడలెక్కి వచ్చింది. తమిళంలో దీన్ని మణిలాక్కొట్టై అని కూడా అంటారు. ఫిలిప్పీన్స్‌లోని మనీలా మీదుగా వచ్చిన గింజ అని. ఎక్కడో పుట్టి, ఓడలెక్కి వచ్చి, ఈ నల్లనేలలో వేరుదన్ని, కోవిల్‌పట్టి పేరు పెట్టుకుంది. మా డ్రైవరు ముత్తాతల్లాగే.

అక్కడి నుంచి తూర్పుగా ఎట్టయాపురం. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టిన ఊరు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక చిహ్నం. అందరూ ఆ ఇల్లు చూసి వెనక్కి తిరుగుతారు. నేను వెళ్ళింది ఇంకో ఇద్దరి కోసం. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు, సమాధి ఇక్కడే ఉంది. ఎండి బీటలు వారిన ఈ నేలను చూసి ఆయన అమృతవర్షిణి రాగం పాడితే వాన కురిసిందని, చాలించమ్మా అని పాడితేనే ఆగిందని కథ. ఆ పొద్దు ఎండలో నిలబడి ఆ కథ వింటే నమ్మాలనిపిస్తుంది.

రెండో మనిషి సుబ్బరామ దీక్షితులు, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడి మనవడు. ఎట్టయాపురం సంస్థానంలో ఉంటూ 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథం రాశారు. 1904లో ఈ ఊళ్ళోనే, విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో అచ్చయింది. దీక్షితుల కృతులు స్వరాలతో సహా ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే చాలావరకు ఆ పుస్తకం చలవే. ఆ పుస్తకం ఏ లిపిలో ఉందో చెప్పమంటారా? తెలుగు లిపిలో. ఇంత తమిళదేశం నడిమధ్యన, కరువు సీమలో, గమకాల గుర్తులతో సహా తెలుగు అక్షరాలు పేర్చి అచ్చువేశారు. మా డ్రైవరుకి ఈ మాట చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ఈడ ఒకప్పుడు చదివేవాళ్ళుండారా సార్?" అన్నాడు. ఉండేవాళ్ళు నాయనా.

మధ్యాహ్నం వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె అగ్గిపెట్టెల పనిలో ఉంది. రేకుల షెడ్డు, ఎర్రగా ఎండిన పుల్లల మొనలు, గంధకం ఘాటు.

అగ్గిపుల్ల కథ వింటే ఆశ్చర్యమేస్తుంది. 1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు దగ్గరి బంధువులు కలకత్తా వెళ్ళి, కొన్ని నెలలు అక్కడే ఉండి అగ్గిపుల్లలు చేయడం నేర్చుకుని, మరుసటేడు తిరిగొచ్చి పని మొదలుపెట్టారు. అంతకుముందు మన దేశంలో అగ్గిపెట్టె అంటే ఎక్కువగా స్వీడన్‌దో జపాన్‌దో. అన్నట్టు చైనావాళ్ళు కూడా అగ్గిపుల్లను పూర్వం 'యాంగ్ హువో' అనేవాళ్ళట, అంటే పరదేశి నిప్పు. మందుగుండు కనిపెట్టిన దేశమే అగ్గిపుల్లను పరాయిదనుకుంది! శివకాశి నుంచి ఈ పని సాత్తూరుకీ కోవిల్‌పట్టికీ పాకింది. పాకడానికి కారణం మీరు ఊహించగలరు. వానలు లేవు. పొడిగాలి పుల్లలు ఆరడానికి మంచిది. పంట పోయిన ఇంట్లో చేతులు ఖాళీ. అనావృష్టే ఇక్కడ పెట్టుబడి.

పుల్ల పని ఇలా జరుగుతుంది. సన్నని కొయ్యపుల్లల్ని చట్రాల్లో వరసగా బిగించి, మొనల్ని ముందు కరిగిన మైనంలో ముంచుతారు. మంట మొన నుంచి కొయ్యకు దిగడానికి ఆ మైనమే దారి. తర్వాత మందులో ముంచుతారు. అందులో పొటాషియం క్లోరేటు, గంధకం, జిగురు. ఎర్ర భాస్వరం మాత్రం పుల్లకు ఉండదు, పెట్టె పక్కన పూస్తారు. రెండూ విడివిడిగా ఉన్నంతసేపు బుద్ధిమంతులు. రాసుకుంటేనే నిప్పు. ముంచే పనికి చాలాచోట్ల యంత్రాలొచ్చాయి. ఇక్కడ మాత్రం పెట్టెల్లో పుల్లలు నింపే పని ఇంకా ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తోంది. డ్రైవరు తల్లి పిడికిట్లోకి పుల్లలు తీసుకుని, లెక్కపెట్టకుండానే పెట్టెలో దోపి, మూత జార్చి పక్కన పడేస్తోంది. నేను మూడు పెట్టెలు విప్పి లెక్కపెట్టాను. ఒకదానికీ ఇంకోదానికీ ఒకటి రెండు పుల్లల తేడా.

"ఎన్నేళ్ళ నుంచి చేస్తుండావమ్మా?" అన్నాను.

"చిన్నప్పుడి నుంచి అయ్యా," అంది.

ఆ జవాబులో ఉన్నది అందమైన సంగతి కాదు. ఈ ప్రాంతంలో ఒకప్పుడు పిల్లల్ని తెల్లవారకముందే బస్సుల్లో ఎక్కించుకుని అగ్గిపెట్టెల పనికి తీసుకుపోయేవాళ్ళు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో బిడ్డకు ఇరవై వేల రూపాయలు కట్టాలంది. ఆమె కొడుకు బడికి పోయాడు, కారు నడుపుతున్నాడు. ఆమె పోలేదు. చేతిపని, హస్తకళ అని మురిసిపోయే నాలాంటివాళ్ళు ఈ సంగతి కూడా మూటలో కట్టుకుని రావాలి.

ఇప్పుడు లైటరు సంగతి. పద్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే ఉన్న అగ్గిపెట్టెను 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలు చేశారు. మైనం, భాస్వరం, అట్ట అన్నిటి ధరలూ పెరిగి తట్టుకోలేక. సరిగ్గా అదే కాలంలో పది రూపాయల లైటరు ఊరూరా దిగింది. ఒక్క లైటరు ఇరవై అగ్గిపెట్టెల బేరాన్ని ఎగరగొడుతుందని ఇక్కడివాళ్ళ లెక్క. 2022లో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ కేంద్రానికి రాసిన లేఖలో కూడా ఈ లెక్కే వేశారు. 2023 జూన్ చివర్లో కేంద్రం ఇరవై రూపాయల లోపు ధర పడే లైటర్ల దిగుమతిని నిషేధించింది. నిషేధించినా నేను పొద్దున బస్టాండులో చూశాను కదా. కొట్టాయన్ని నేను తప్పుపట్టను. తడిస్తే వెలగని దానికన్నా ఎప్పుడూ వెలిగేది అతనికి నయం.

కానీ నాకు తోచింది ఒకటి చెప్తాను. ఈ నల్లనేలకు వచ్చినవన్నీ బయటివే. శనక్కాయ అమెరికాది. అగ్గిపుల్ల కలకత్తాలో నేర్చుకున్నది. పంచదార పేరు చైనాది. మన భాష ఉత్తరం నుంచి నడిచి వచ్చింది. ప్రతి ఒక్కటీ వచ్చి ఇక్కడ ఎవరో ఒకరి చేతికి పనిచ్చింది, ఆ చెయ్యి దాన్ని ఈ ఊరిదాన్ని చేసింది. లైటరు ఒక్కటే ఉత్త చేతులతో వచ్చింది. వెలిగించుకోవడం తప్ప దానితో ఇక్కడ చేసేందుకు ఏమీ లేదు. అయిపోతే కాలవలో పారేయడమే.

ఆ తల్లి పని ఆపకుండానే నన్నొక ప్రశ్న అడిగింది. "మీ ఊర్లో వాన పడిందా అయ్యా?" పడలేదన్నాను. తలూపింది. కరువు సీమల మధ్య అదొక కుశలప్రశ్న.

సాత్తూరులో ఎక్కువసేపు ఆగలేదు. వైప్పారు నది వంతెన దాటి కారప్పూస కొన్నాను. అక్కడ కారాసేవు అంటారు, వెల్లుల్లి ఘాటు, మిరియం కారం. ఒకప్పుడు ఇదే ఊరు కలం పాళీలకు పేరు. బాల్‌పెన్ను వచ్చి ఆ పేరును మింగింది. కారాసేవును మింగేది ఇంకా పుట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు విరుదునగర్. 1923 దాకా దీని పేరు విరుదుపట్టి. ఈ ఊళ్ళో పండేది తక్కువ, ధర కట్టేది ఎక్కువ. పప్పులు, నూనెలు, మిరప, ఏలకులు అన్నిటికీ విరుదునగర్ మార్కెట్ ధర అని తమిళ పత్రికలు ఇప్పటికీ వేస్తాయి. కామరాజ్ 1903లో పుట్టింది ఇక్కడే. ఇరుకు సందులో చిన్న ఇల్లు. తొమ్మిదేళ్ళు ముఖ్యమంత్రిగా ఉండి, 1964లో మన దామోదరం సంజీవయ్య తర్వాత కాంగ్రెసు అధ్యక్షుడైన మనిషిది ఆ ఇల్లు. ఆ ఊరే 1967లో ఆయన్ని ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడించింది. ఊళ్ళు అలాగే ఉంటాయి.

ఈ ఊళ్ళో నేను తలవంచి నిలబడ్డది మరొకరి పేరు దగ్గర. శంకరలింగనార్. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని 1956 జూలై 27న విరుదునగర్‌లో నిరాహారదీక్షకు కూర్చుని, అక్టోబరు 13న ప్రాణం విడిచారు. మన పొట్టి శ్రీరాములు గారు పోయిన నాలుగేళ్ళకు. పేరు మారింది 1969లో. శ్రీరాములు గారి పేరు తెలియని తెలుగువాడు లేడు. శంకరలింగనార్ పేరు నేను అరవై ఏళ్ళకు విన్నాను.

ఇంక తిండి. విరుదునగర్ ఎణ్ణై పరోటా. ఎణ్ణై అంటే నూనె. పొరలు పొరలుగా చుట్టిన మైదా ముద్దను చేత్తో తట్టి, పెద్ద పెనం మీద నూనె మడుగులో వేసి పూరీలా వేయిస్తారు. బయట కరకర, లోపల పొరలు మెత్తన. అరటాకులో వేసి, చేత్తో చిదిమి, పైన సాల్నా అనే పల్చని పులుసు పోస్తారు. వైద్యులు వినకపోతే బాగుండు, నేను మూడు తిన్నాను. మా డ్రైవరు అయిదు. తింటూ వాళ్ళమ్మకు ఫోను చేసి, "తిన్నాన్లేమ్మా," అన్నాడు. ఈసారి ఫోను నాకిచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక, మీ ఊరికి వాన రావాలమ్మా అన్నాను.

అనంతపురం వచ్చాక మాస్టారికి కడలై మిట్టాయి పొట్లం ఇచ్చాను. కొరికి చూసి, "చైనాదానికన్నా గట్టి. పళ్ళున్నప్పుడే పోవాల్సింది కోవిల్‌పట్టికి," అన్నారు. రెండో ముక్క కూడా తీసుకున్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ వెనక్కి తిప్పి చూశాను. దేవుడి గూట్లోది కోవిల్‌పట్టి. వంటింట్లోది సాత్తూరు. అటక మీద దొరికిన పాతదేమో శివకాశి. మీరు కూడా ఒకసారి లేచి మీ ఇంట్లో అగ్గిపెట్టె తిప్పి, ఆ చిన్న అక్షరాల్లో ఏ ఊరి పేరుందో చదవండి.